గృహయంత్ర ప్రసంగము: మామగారి మోటారుబండి



ఈ శీర్షికయందు మేమింతవరకును కుట్టుమిషను, నీటిపంపు, మిక్సీ మొదలగు ఇంటి యంత్రములనుగూర్చి ముచ్చటించుచు వచ్చితిమి. ఈ మాసమున వాని యన్నిటికన్న పెద్దదియు, స్త్రీలు తమకు సంబంధించినది కాదని సాధారణముగా దూరమున నుంచునదియు నగు యంత్రమునుగూర్చి వ్రాయవలసి వచ్చినది. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున కాపురముండు ఒక తెలుగు సోదరి మాకు వ్రాసిన జాబే దీనికి కారణము. పేరు ప్రకటింపక, విషయమును మాత్రము చెప్పుటకు ఆమె యనుమతి నిచ్చియున్నారు.

1965లో అమెరికా ప్రభుత్వమువారు వలసల చట్టమును మార్చిన పిమ్మట మన దేశపు ఇంజనీర్లును, వైద్యులును ఆ దేశమునకు పోవుట హెచ్చెను. ఈ సోదరియొక్క మామగారును అట్లు పోయినవారిలో నొకరు. ఉద్యోగము దొరికిన వెనుక వారు మొట్టమొదట కొనిన బండి 1972 నాటి డాట్సన్ 240 జెడ్ అను జపాను దేశపు పరుగుబండి. పెండ్లి చేసికొని భార్యను తీసికొనివచ్చినది అందులోనే. తరువాత కుటుంబము పెరిగినది. ఇద్దరు మాత్రమే కూర్చుండదగిన ఆ బండి గ్యారేజిలో నొక మూలకు చేరినది. కడపట పదునెనిమిదేండ్లుగా అది కదలనే లేదు. గత సంవత్సరమున మామగారు కాలధర్మము నొందిరి.

ఇప్పుడు ఆ యింట మూడు మాటలు నడచుచున్నవట. భర్త "అమ్మివేయుదము, చోటు కలిసివచ్చును" అనుచున్నారు. పదునారేండ్ల కుమారుడు "నాకిండు, నేను నడుపుదును" అని పట్టుపట్టినాడు. అత్తగారు ఏమియు ననరు. సాయంకాలమున గ్యారేజి తలుపు తీసికొనిపోయి, ఆ బండిలో కుడిప్రక్క సీటుమీద కొంతసేపు కూర్చుండి, మరల లోపలికి వచ్చి దీపము పెట్టుకొందురట.

సోదరి వ్రాసినదేమన: "మా పుట్టింట నాన్నగారు పొలములోని ఆయిలింజను బాగుచేయునప్పుడు లాంతరు పట్టుకొని నిలిచెడిదానను. స్పానరు పట్టుట నాకు కొత్త గాదు. ఈ బండిని నేను బాగుచేయగలనా? చేయదగునా?"

ఇవి రెండును వేరువేరు ప్రశ్నలు. మొదటిదానికి సమాధానము ఇనుమును చూచి చెప్పవలెను. రెండవదానికి ఇంటిని చూచి చెప్పవలెను. మేము మొదటిదానితో నారంభింతుము.

ఈ బండి యెటువంటిది?

నిస్సాన్ కంపెనీవారు దీనిని 1969లో జపానున "ఫెయిర్‌లేడీ జెడ్" అను పేరుతో వెలువరించిరి. కంపెనీ యధ్యక్షుడు కవమాత కత్సుజి "మై ఫెయిర్ లేడీ" అను సంగీతనాటకమును చూచి ముచ్చటపడి, అంతకుముందే తమ పరుగుబండ్లకు ఈ పేరు పెట్టెనని చెప్పుదురు. అమెరికాలో నిస్సాన్ వ్యాపారమునకు పెద్దగా నుండిన కతయమ యుతక మాత్రము ఆ పేరు అక్కడ సాగదని తలచి, 240 జెడ్ అను పేరే ఉండవలెనని పట్టుపట్టెను. 240 యనగా 2.4 లీటర్ల ఇంజను. ఈ కతయమగారు 1909లో జన్మించి, 105 ఏండ్లు జీవించి, 2015లో గతించిరి. వారిని అమెరికావాసులు "మిస్టర్ కె" యని ప్రేమతో పిలిచెడివారు.

అమెరికాలో మొదట దీని వెల 3,526 డాలర్లు. పోర్షె, జాగ్వార్ మొదలగు ఐరోపా పరుగుబండ్ల వెల దీనికంటె చాల హెచ్చు. ఆరు సిలిండర్ల ఇంజను, చక్కని రూపము, మితమైన వెల, ఈ మూడును కూడుటచే మధ్యతరగతివారు సైతము దీనిని కొనగలిగిరి. కొత్తగా ఉద్యోగమున జేరిన ఇంజనీరు దీనిని కోరుటలో వింత లేదు.

ఇంటివద్ద బాగుచేయువారికి ఈ బండి యనుకూలమైనది. ఇందులో కంప్యూటరు లేదు. మూత తెరచినచో ప్రతి భాగమును కంటికి కనబడును, చేతికందును. 1973లో వచ్చిన 240 జెడ్ బండ్లకు వేరు రకపు కార్బురేటర్లను పెట్టిరి. వానితో చాలమంది యిక్కట్లు పడిరి. 1972 నాటి బండికి పాతరకపు గుండ్రని మూతల కార్బురేటర్లు రెండుండును. సోదరిది 1972 నాటిది యగుట మేలే.

మొదట నేలను చూడుడు

ఈ బండికి ప్రధానశత్రువు ఇంజను చెడుట కాదు, త్రుప్పు. ఆ కాలపు జపాను బండ్ల రేకు పలుచన. త్రుప్పు పట్టకుండ చేయు పూత చాలీచాలనిది. మంచు కురియు ప్రాంతములలో దారులపై ఉప్పు చల్లుదురు. అచ్చటి బండ్లు పదేండ్లలోనే తినివేయబడినవి. టెక్సాసులో ఎండ హెచ్చు, దారి ఉప్పు తక్కువ. కావున ఆశపడుటకు కారణము కలదు. కాని చూడక నమ్మరాదు.

పాత లారీలవలె ఈ బండికి వేరుగా చట్రము లేదు. ఒడలే చట్రము. కనుక నేలరేకును, దాని క్రిందనుండు నిలువుపట్టీలును, తలుపుల క్రింది గడపపట్టీలును చివికినచో, మేడకు స్తంభములు చివికినట్లే. పరీక్షింపవలసిన చోట్లు ఇవి: బ్యాటరీ క్రింది పళ్ళెమును, దాని చుట్టును (బ్యాటరీ యామ్లము కారి ఇనుమును తినును), కాళ్ళుంచు నేల, కంబళిని పూర్తిగా ఎత్తి చూడవలెను, నేల క్రింది పట్టీలు, తలుపు వెనుక చక్రమువైపు వంగిన మూల, ముందరి అద్దము క్రింద నీరు నిలుచు తొట్టి, వెనుక తలుపు గడప.

దీనికి రెండు పనిముట్లు చాలును. ఒకటి చిన్న అయస్కాంతమును పలుచని గుడ్డలో చుట్టినది. రంగు చెడకుండ దానిని రేకుమీద జరుపుచు పోవలెను. ఎచ్చట అంటుకొనదో అచ్చట ఇనుము లేదు, పుట్టీ యున్నదని తెలిసికొనవలెను. రెండవది మొద్దుమొన గల స్క్రూడ్రైవరు. నేల క్రింద దానితో గట్టిగా పొడువవలెను. మంచి ఇనుము "టక్కు"మని పలుకును. చివికినది పలుకదు, లోపలికి దిగును.

ఈ మాట మేము పుస్తకము చూచి వ్రాయుట లేదు. కొన్ని ఏండ్ల క్రిందట మేమును ఇట్టి జపాను బండి నొకదానిని కొంటిమి. ఎఱ్ఱని రంగు నిగనిగలాడుచుండెను. అమ్మినవారు మర్యాదస్థులవలె కనబడిరి, కాఫీ యిచ్చిరి. అయస్కాంతము మా సంచిలోనే యుండెను. తీసి పరీక్షించినచో వారిని అనుమానించినట్లగునని మొగమాటపడితిమి. ఇంటికి తెచ్చి కంబళి లేపగా నేల స్థానమున రేకుముక్కలు రివెట్లతో బిగించి, పైన పుట్టీ మెత్తి, నల్లరంగు పూసియున్నది. బండికిచ్చిన సొమ్ముకన్న ఆ నేలను వేయించుటకైన సొమ్ము హెచ్చు. చీర కొనునప్పుడు అంచు తిరగవేసి చూచెడి మేము, అన్ని వేల రూకలు పోసి కొనునప్పుడు మొగమాటపడితిమి. ఈ మొగమాటమునకు మేము కట్టిన సుంకము మా చదువరులలో మరియొకరు కట్టకుందురుగాక.

ఇంజనును మేలుకొలుపుట

పదునెనిమిదేండ్లు నిదురించిన ఇంజనును తాళపుచెవి త్రిప్పి లేపబూనుట తగదు. సిలిండర్లలో నూనె ఎండిపోయి యుండును. పిస్టను కట్లు గోడలను గీచివేయును. ఓపికతో ఈ క్రింది వరుసను పాటింపవలెను.

ముందుగా బ్యాటరీయొక్క ఋణతీగను విప్పవలెను. తరువాత ఆరు ప్లగ్గులను తీసి, ఏది యే సిలిండరుదో చీటి కట్టి, ప్రతి రంధ్రమునను రెండుమూడు చెంచాల ఇంజను ఆయిలు పోసి, ఒకటి రెండు దినములు విడువవలెను. అటుపిమ్మట ముందువైపు కప్పీ నడిమి బోల్టుకు స్పానరు తగిలించి, ఇంజను తిరుగవలసిన దిక్కుననే మెల్లగా చేతితో త్రిప్పవలెను. తిరిగినచో సగము భయము తీరినట్లే. తిరుగకున్నచో బలము చూపరాదు. మరల ఆయిలు పోసి వేచియుండవలెను.

టాంకిలోని పాత పెట్రోలు వార్నీషువలె కంపుకొట్టును. ఈ టాంకి సుమారు 60 లీటర్లు పట్టునది. అందు మిగిలియున్నదంతయు తీసివేయవలెను. లోపల త్రుప్పున్నచో టాంకిని విప్పించి శుభ్రము చేయించవలెను. రబ్బరు పెట్రోలు గొట్టములన్నియు మార్చవలసినదే. నేటి పెట్రోలులో ఇథనాలు కలియుచున్నది. ఆ కాలపు రబ్బరు దానికి నిలువదు. ఇథనాలునకు తాళు కొత్త గొట్టములు దొరకును.

ఈ ఇంజను శరీరము పోత ఇనుము, తలభాగము అల్యూమినియము. రెండు లోహములు కూడినచోట ఉత్తనీరు పోసినచో అల్యూమినియము తినివేయబడును. కావున రేడియేటరులో శీతలద్రవమును శుద్ధజలముతో కలిపియే పోయవలెను, కుళాయినీరు పనికిరాదు.

వాల్వుల సందు ఇంజను చల్లగా నున్నప్పుడు గాలి వచ్చు వాల్వునకు 0.20 మిల్లీమీటరు, పొగ పోవు వాల్వునకు 0.25 మిల్లీమీటరు ఉండవలెను. ఈ కొలతకు ఫీలరు గేజి యను పలుచని రేకుల కట్ట వాడుదురు. రేకు సందులో దూరి, కొంచెము పట్టుచు రావలెను. సూదిలో దారము దూర్చిన చేయికి ఈ యందాజు త్వరలోనే తెలియును. కార్బురేటరుల మూతలలో చిన్న ముషలమువంటి కడ్డీ కలదు. దాని చుట్టును కొద్దిగా పలుచని ఆయిలు, 20 సంఖ్య గలది, ఉండవలెను. ఇది యెండిపోయినచో బండి పరుగెత్తబోవునప్పుడు తడబడును. కార్బురేటరు చెడినదని వందల డాలర్లు పోసిన పలువురకు కావలసినది ఒక చెంచాడు ఆయిలే.

ఆగుట తెలిసిన పిమ్మటనే పరుగు

ఇంజను పలికినంతమాత్రమున బండిని వీథిలోనికి తీయరాదు. పరుగు తరువాతిది, ఆగుట ముందుది.

బ్రేకుద్రవము గాలిలోని చెమ్మను పీల్చుకొనును. చెమ్మ చేరినచో లోపలి లోహము త్రుప్పుపట్టును. వేడికి నీరు ఆవిరియై, కాలితో త్రొక్కినప్పుడు త్రొక్కుడుబిళ్ళ మెత్తగా దిగిపోవును. పదునెనిమిదేండ్ల ద్రవమును నమ్మరాదు. ప్రధాన సిలిండరు, చక్రముల సిలిండర్లు, రబ్బరు గొట్టములు అన్నియు కొత్తవి వేయించి, ద్రవమును రెండేండ్లకొకసారి మార్చుట మేలు. ఈ ద్రవము రంగుమీద పడినచో రంగును లేపివేయును. వెంటనే నీటితో కడుగవలెను. స్పానరు పట్టగల స్త్రీ యీ పనిని నేర్చుకొనగలదు. కాని మొదటిసారి తెలిసిన మెకానిక్కును ప్రక్కన నుంచుకొని చేయుట మా సలహా. ఇందులో అభిమానమునకు తావులేదు.

టైరుల గాళ్ళు ఎంత లోతుగా నున్నను వయస్సు చూడవలెను. 2000 సంవత్సరమునకు పిమ్మట తయారైన టైరుల ప్రక్కభాగమున నాలుగంకెలుండును. "2306" అన్నచో 2006వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని యర్థము. పదేండ్లు దాటినదానిని చూపులకెంత బాగుగ నున్నను పారవేయవలెను.

ఈ బండికి మరియొక రహస్యదోషము కలదు. వెనుకతలుపు చుట్టునుండు రబ్బరును, వెనుక దీపముల రబ్బరును ఎండి పగిలినచో, పొగగొట్టపు పొగ బండి లోనికి వచ్చును. పరుగులో బండి వెనుక గాలి సుడి తిరిగి, ఆ పొగను లోనికి లాగును. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. బండిలో కూర్చుండగా పొగకంపు తోచినచో "పాతబండి కదా" యని సరిపెట్టుకొనరాదు. ఈ రబ్బరులు కొత్తవి దొరకును. బండిని బాగుచేయువారు రంగుకన్న ముందు వీనిని మార్చవలెను.

దీపముల విద్యుత్తు అంతయు స్టీరింగు దగ్గరి మీటగుండ పోవునట్లు ఆనాడు అమర్చిరి. ఏండ్లు గడచిన వెనుక ఆ మీటలోని స్పర్శలు వేడెక్కి కరగుచుండును. రిలే యను చిన్న పరికరమును నడుమ పెట్టించినచో మీటకు భారము తగ్గును, దీపముల వెలుగు హెచ్చును.

గ్యారేజిలో ప్రాణభయము

సోదరీమణులారా! వంటయింటిలో నిప్పునుగూర్చి మనకెవ్వరును చెప్పనక్కరలేదు. గ్యారేజికిని అట్టి నియమములు కలవు. వీనిని గోడమీద వ్రాసిపెట్టుకొనుడు.

జాకీమీద మాత్రమే నిలిచిన బండి క్రిందికి చేతినైనను పెట్టరాదు. గట్టి నేలమీద ఉక్కు స్టాండులు పెట్టి, బండిని వానిపైకి దించి, కదిల్చి చూచిన పిదపనే క్రిందికి పోవలెను. ఒంటరిగా పోరాదు, ఇంట నొకరు పిలుపందునంత దూరమున నుండవలెను.

తలుపులు మూసిన గ్యారేజిలో ఇంజనును ఒక్క నిమిషమైనను నడుపరాదు. తలుపు తెరచియున్నను ఇంటిలోనికి పోవు వాకిలి మూసియుంచవలెను.

అమెరికా ఇండ్లలో పలుచోట్ల నీళ్ళు కాచు గ్యాసు పాత్ర గ్యారేజిలోనే యుండును. దానిలో చిన్న మంట ఎల్లప్పుడును వెలుగుచుండును. పెట్రోలు ఆవిరి నేల పట్టుకొని ప్రాకును. కావున పెట్రోలుపని ఆరుబయటనే చేయవలెను. చాలినంత పెద్ద మంటలార్పు సిలిండరు వాకిలి దగ్గర వ్రేలాడవలెను.

ఆనాటి బ్రేకుపట్టాలలోను, క్లచ్చిలోను ఆస్బెస్టాసు ఉండును. ఆ దుమ్మును ఊదరాదు, చీపురుతో నూడ్వరాదు. తడిపి, తుడిచి, గుడ్డను సంచిలో కట్టి, ఆ యూరి నియమముల ప్రకారము పారవేయవలెను.

రెండు డబ్బాల కలయికతో గట్టిపడు మోటారురంగులలో ఐసోసయనేటు లను విషపదార్థములున్నవి. సాధారణపు ముసుగు వీనిని ఆపదు. ఇట్టి రంగును ఇంటివద్ద చల్లవద్దు; ఆ పని తెలిసినవారికే యీయవలెను.

చేతిపనులు

ఇంతవరకు భయపెట్టితిమి. ఇక సుఖముగా చేయదగిన పనులను చెప్పుదుము.

విప్పిన ప్రతి మరను, నట్టును చిన్న సంచిలో వేసి, చీటిమీద చోటు, తేదీ వ్రాసి యుంచుడు. విప్పుటకు ముందొక చిత్రము, పిదప నొక చిత్రము తీయుడు. పోపుల పెట్టెలో ఆవాలు, జీలకఱ్ఱ వేరువేరు గిన్నెలలో నుంచు మనకు ఇది నేర్పనక్కరలేదు. ఇంటివద్ద విప్పిన బండ్లలో సగము పని నిలిచిపోవుట మరలు కలిసిపోవుటవలననే యని మా యనుభవము.

త్రుప్పుపట్టిన చిన్న ఇనుపభాగములకు మన వంటయింటి వైద్యమే చాలును. ఇత్తడికి చింతపండు ఎట్లో, ఇనుపత్రుప్పుకు నిమ్మఉప్పు అట్లు. వెచ్చని నీటిలో నిమ్మఉప్పు కలిపి, భాగములను కొన్ని గంటలు నానవేసి, కుంచెతో రుద్దినచో నల్లని యినుము బయటపడును. తరువాత తినుసోడా నీటిలో ముంచి, కడిగి, వెంటనే ఆరబెట్టి, ఆయిలు రాయవలెను. ఆలసించినచో గంటలోనే మరల ఎఱ్ఱబడును. స్ప్రింగులను, మిక్కిలి బలమైన బోల్టులను మాత్రము ఆమ్లములో వేయరాదు. అవి పెళుసెక్కి విరుగును. బ్రేకులకు, స్టీరింగుకు సంబంధించిన బోల్టు చెడినచో కొత్తదే కొనవలెను.

ఎండకు ముందరి పలక పగులుట ఈ బండ్లకు పుట్టుకతో వచ్చిన జబ్బు. పగిలియున్నను తొందరపడి మార్చవద్దు. పైని తొడుగు దొరకును. దాని క్రింద పాతదే యుండనిండు. దీనికి కారణము ఇక ముందు చెప్పుదుము.

సొమ్ము సంగతి

భర్తగారు "అమ్మినచో నెంత వచ్చును?" అని యడిగిరట. 2020 జనవరిలో 1971 నాటి 240 జెడ్ ఒకటి వేలములో 3,10,000 డాలర్లకు పోయినది. ఈ వార్త చదివినవారు తమ గ్యారేజివంక ఆశగా చూచిరి. కాని ఆ బండి సుమారు 21 వేల మైళ్ళు మాత్రమే తిరిగినది. మరమ్మతు చేయబడినది కాక, పుట్టినది పుట్టినట్లుండినది. అట్టి బండ్లు వేళ్ళమీద లెక్కింపదగినవి. సామాన్యపు బండికి అందులో చిన్న భాగమే వచ్చును. నేలరేకులు వేసి, రంగు వేసి, ఇంజను కట్టించినచో, పెట్టిన సొమ్ము తిరిగిరాని సందర్భములే హెచ్చు.

ఇందులో మనకొక పాఠము కలదు. కొత్తగా చేసినదానికన్న, జాగ్రత్తగా కాపాడినదానికే విలువ. రంగు ఎన్నిమార్లైనను వేయవచ్చును. మొదటి రంగు ఒక్కసారియే యుండును. కావున "అంతయు విప్పి కొత్తది చేయుదము" అను పట్టుదల మంచిది కాదు. ప్రాణభయము కలిగించు భాగములను మార్చుడు. చెడుచున్నదానిని ఆపుడు. తక్కినదానిని తుడిచి యుంచుడు. తీసివేసిన పాతభాగములను పెట్టెలో దాచుడు.

బండ్లు చేసిన కంపెనీలే ఈ సత్యమును ఆలస్యముగా గ్రహించినవి. హోండావారు తమ ఎన్ఎస్ఎక్స్ బండ్లను కొత్తపరచి యిచ్చు పనిని 1993లోనే ప్రారంభించిరి. 2017లో మాజ్డావారు 1989 నాటి తొలితరపు రోడ్‌స్టరులను బాగుచేసి యిచ్చుటకును, వాని గుడ్డకప్పు, కొయ్య స్టీరింగు చక్రము మొదలగు భాగములను మరల చేయుటకును పూనుకొనిరి. అదే యేట నిస్సాన్‌వారు 1989 నాటి స్కైలైన్ జీటీఆర్ బండికి పాతభాగములను మరల చేయ మొదలిడిరి. 2020లో టొయోటావారును సుప్రా బండికి అట్లే చేసి, పిదప 1967లో వెలువడిన 2000 జీటీకిని భాగములు చేయుచున్నట్లు ప్రకటించిరి. ఈ 2000 జీటీలు మొత్తము 351 మాత్రమే తయారైనవి. 240 జెడ్ వేలకొలది తయారైనది కనుక, నేలరేకులు, రబ్బరులు, బ్రేకుభాగములు చేసి యమ్మువారు అమెరికాలోనే పలువురు కలరు. సోదరికి సామగ్రి దొరకదను చింత యక్కరలేదు. కొనవలసినవానిలో మొదటిది ఆ సంవత్సరపు సర్వీసు పుస్తకము.

మా సమాధానము

బాగుచేయగలనా యను ప్రశ్నకు: గలరు. అయితే నేలను పరీక్షించిన వెనుకనే పూనుకొనుడు. నేలరేకులలో మాత్రమే రంధ్రములున్నచో, వెల్డింగు తెలిసినవారిచేత అవి వేయించి, తక్కిన పని యంతయు మీరు చేసికొనవచ్చును. క్రింది పట్టీలును, గడపపట్టీలును, చక్రముల స్ప్రింగులు తగులు బురుజులును చివికియున్నచో, ఇంటిపని కాదు. అప్పుడు ఆ పనియందు ప్రవీణులగువారికి ఉన్నదున్నట్లు చెప్పి యమ్ముట మర్యాద. అట్లు చేసినను అవమానము లేదు. స్టీరింగు చక్రమును మాత్రము ఉంచుకొనుడు.

కుమారుని సంగతి కచ్చితముగా చెప్పుచున్నాము. ఈ బండికి గాలిసంచులు లేవు, జారకుండ ఆపు కొత్తరకపు బ్రేకులు లేవు. ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు మాత్రమే. పదునారేండ్ల బాలుడు నడుపుట నేర్చుకొనవలసినది నేటి బండిమీద. కాని ఈ బండిపనికి వానిని తప్పక పిలువుడు. తన చేతులతో బ్రేకులు కట్టిన బాలునకు వేగమనగా నేమో ఉపన్యాసమున కన్న బాగుగ తెలియును. కొన్ని ఏండ్లు గడచి, చేయి కుదిరిన పిమ్మట తాళము వానిదే యగును.

ఇక చేయదగునా యను ప్రశ్న. దీనికి సమాధానము భర్తగారివద్ద లేదు, మావద్దను లేదు. అత్తగారిని అడిగితిరా? జాబులో ఆమె యన్న మాట యొక్కటియు లేదు. ఆమె ఏమియు ననరని వ్రాసితిరి. అడిగిన పిమ్మట అనలేదో, అడుగకపోవుటచే అనలేదో వ్రాయలేదు. ఒక సాయంకాలమున మీరును ఎడమప్రక్క సీటులో కూర్చుండి, "అత్తయ్యగారూ, ఈ బండి నేమి చేయమందురు?" అని యడుగుడు. ఆమె అమ్మివేయుమనవచ్చును. పెద్దవారికి జ్ఞాపకము బరువైన సందర్భములుండును. మన భక్తిచేత దానిని వారి నెత్తిన నుంచరాదు. ఉంచుమన్నచో, ఏ దారిలో పోయిరో, ఎచ్చట ఆగిరో చెప్పించి, సర్వీసు పుస్తకపు వెనుక పుటలలో వ్రాసికొనుడు.

మన దేశపు సోదరీమణులును ఈ వ్రాత తమకు గాదని తలపవలదు. 1983 డిసెంబరులో మన దారులమీదికి వచ్చిన మారుతి 800 జపాను సుజుకివారి బండి ననుసరించి చేసినదే. పరుగుబండి కాకపోయినను పలువురి యిండ్లలో అది మొదటి కారు. విశాఖపట్టణము, కాకినాడ వంటి సముద్రతీరపు టూళ్ళలో ఉప్పుగాలి చేయు పని అమెరికాలో దారి ఉప్పు చేయు పనియే. వారమునకొకసారి మంచినీటితో బండి క్రిందిభాగమును కడిగి, తలుపుల క్రింది నీటి రంధ్రములను పుల్లతో శుభ్రము చేయుడు. కంబళి తడిసినచో ఎత్తి ఆరబెట్టుడు. ఇంతటి చిన్నపని బండి యాయువును ఏండ్లకొలది పెంచును.

టెక్సాసు సోదరికి కడపటి మాట. ఉంచుకొనుటకే మీ యింట నిశ్చయమైనచో, పని యెచ్చట మొదలిడవలెనో మేము చెప్పుదుము. నేలను పరీక్షించిన మరునాడు కుడిప్రక్క సీటుబెల్టును కొత్తది తెప్పించి వేయించుడు. ఏబదియేండ్ల నాటి బెల్టుదారము చూపునకు బాగుగనే యుండి, లాగినప్పుడు తెగును. మీ అత్తగారు కూర్చుండు సీటు అది. బండి కదలిన దినమున మొదట ఎక్కవలసినవారు వారే. తరువాత జరిగినది మాకు వ్రాయుడు.